అనుదిన జీవితంలో శ్రేష్ఠత

ఈ సంచికకు ఏదైనా రాసివ్వమని అడగడానికి వచ్చిన విద్యార్థి సంఘం కార్యదర్శి, "సార్, మీరు చర్చికి వెళ్ళేవారు కదా, విలువల గురించి ఏదైనా రాయండి" అన్నాడు. ఆ అబ్బాయి మాటలో ఎగతాళి ఏమీ లేదు. అయినా నాకు కాస్త చురుక్కుమంది. చర్చికి వెళ్ళేవాడికి విలువల గురించి మాట్లాడే హక్కు దానంతట అదే వచ్చేస్తుందని లోకం ఇంకా అనుకుంటోందా అనిపించింది. అలా రాదని చెప్పడానికి దూరం వెళ్ళనక్కర్లేదు. నా విద్యార్థి దశలో, ఇదే కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌లో జరిగిన ఒక చిన్న సంగతి చాలు. దానితోనే మొదలుపెడతాను.

ఆ రోజు మాకు పర్మాంగనేట్ టైట్రేషన్. చేసినవారికి తెలుసు, కనీసం రెండు రీడింగులు ఒకదానితో ఒకటి కలిసేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. నాకు మొదటిసారి 19.4 వచ్చింది, రెండోసారి 19.1. రెండూ కలవలేదు. మూడోసారి బ్యూరెట్ నింపి, ఆమ్లం వేడిచేసి, చుక్క చుక్కగా వదలాలి. గడియారం చూస్తే నాలుగున్నర. ఆరింటికి హాస్టల్ ప్రార్థన కూటం. ఆ రోజు వాక్యం చెప్పవలసింది నేనే! ఇంకా సిద్ధపడలేదు. దేవుడి పని ముందా, పర్మాంగనేట్ ముందా? రికార్డులో మూడో రీడింగు కూడా 19.1 అని వేసేసి, లెక్క కట్టేసి, సంతకం పెట్టించుకున్నాను.

బయటికి వస్తుంటే లాబ్ అటెండర్ ఎదురొచ్చాడు. మేమందరం ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళం. పెద్దగా చదువుకోలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ లాబ్‌లో గాజు సామాను కడుగుతున్నాడు. ఆదివారం మా చర్చిలోనే వెనక వరసలో కూర్చునేవాడు. నా టేబుల్ మీది బ్యూరెట్ వంక చూశాడు. ఊదారంగు ద్రావణం 38.5 గీత దగ్గర ఆగిపోయి వుంది. 19.4, 19.1 కూడితే అంతే కదా. ఇంకా పదకొండున్నర మిల్లీలీటర్లే మిగిలి వున్నాయి. మళ్ళీ నింపితే తప్ప మూడోసారి చేయడానికి వీల్లేదు.

"మూడోసారి నింపలేదు కదు బాబూ?" అన్నాడు మెల్లిగా.

"టైమ్ లేదు పెద్దాయనా. కూటానికి వెళ్ళాలి. ప్రభువు పని" అన్నాను.

ఆయన బ్యూరెట్ విప్పి సింకు దగ్గరికి తీసుకుపోతూ, వెనక్కి తిరిగి, "అది ప్రభువు పనే బాబూ. మరి ఇదెవరి పని?" అన్నాడు.

అంతే. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఇంకో మాట అనలేదు. ఆ సాయంత్రం కూటంలో నేను ఏ భాగం మీద ప్రసంగించానో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తురాదు. పెద్దాయన అడిగిన ప్రశ్న మాత్రం ముప్పై ఏళ్ళు దాటినా మరుపు రాలేదు.

మిత్రులారా, నేను చెప్పదలుచుకున్నదంతా ఆ ప్రశ్నలోనే వుంది. మనం బతుకును రెండు గదులుగా కట్టుకున్నాం. ఒక గది ప్రార్థన, పాటలు, ఉపవాసం, బైబిలు. రెండో గది రికార్డులు, పరీక్షలు, మెస్ బిల్లులు, బస్సు పాసులు, ఉద్యోగం. మొదటి గదిలో చెప్పులు విప్పి నడుస్తాం. రెండో గదిలో బురద కాళ్ళతో తిరుగుతాం. పైగా రెండో గదిలో చేసిన అశ్రద్ధకు మొదటి గదిని సాకుగా చూపిస్తాం. "దేవుని సేవలో తిరుగుతున్నాను, అందుకే చదవలేకపోయాను" అనే మాట నేను విద్యార్థిగా అన్నాను, లెక్చరర్‌గా విన్నాను. చెప్పేవాడికి అది భక్తిలా వినిపిస్తుంది. వినేవాడికి ఎలా వినిపిస్తుందో నాకిప్పుడు బాగా తెలుసు.

బైబిలు తెరిచి చూస్తే ఈ రెండు గదుల మధ్య గోడ కనిపించదు. నిర్గమకాండం 31వ అధ్యాయంలో బెసలేలు అనే మనిషి వున్నాడు. దేవుని ఆత్మతో నింపబడ్డాడని అక్కడ చెప్పబడినవాడు ప్రవక్త కాదు, యాజకుడు కాదు. బంగారం, వెండి, ఇత్తడి పని తెలిసినవాడు, రాళ్ళు సానబట్టేవాడు, కొయ్య చెక్కేవాడు. ఆత్మ అతని మీదికి వచ్చినందుకు అతను భాషలు మాట్లాడలేదు, చేతిపని బాగా చేశాడు. ఈ సంగతి మన ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నాం?

దానియేలు సంగతి అందరికీ తెలుసు. సింహాల గుహ కథ ఆదివారపు బడిలో బొమ్మలు వేసి మరీ చెబుతారు. కాని గుహకు ముందు జరిగిన సంగతి మీద మనం నిలవం. అతని శత్రువులు అతని మీద నేరం మోపడానికి ముందుగా వెతికింది అతని ప్రార్థనలో కాదు, అతని ఆఫీసు పనిలో. రాజ్య వ్యవహారాల్లో ఏదైనా తప్పు, ఏదైనా అశ్రద్ధ దొరుకుతుందేమోనని చూశారు. దొరకలేదు. ఇక చేసేది లేక అతని భక్తిలో వెతుక్కున్నారు. ఈ రోజు మనలో ఎవరి మీదైనా నేరం మోపాలనుకునే వాడికి అంత శ్రమ వుంటుందా? హాజరు పట్టీ ఒకటి, లాబ్ రికార్డు ఒకటి తెరిస్తే పని అయిపోతుంది!

ఇక యేసు ప్రభువు సంగతి. బోధ మొదలుపెట్టేనాటికి ఆయనకు సుమారు ముప్పై ఏళ్ళని లూకా రాశాడు. తరవాత బోధించిన కాలం మూడేళ్ళని సాధారణంగా లెక్క కడతారు. స్వంత ఊరి వాళ్ళు ఆయన్ని గుర్తుపట్టింది వడ్రంగిగానే. ఆ వడ్రంగం ఏళ్ళు వృథా ఏళ్ళని ఎవరూ అనలేరు. నజరేతులో ఆయన చేతి కింద తయారైన కాడి ఏదో ఒక ఎద్దు మెడ మీద వుండే వుంటుంది. అది ఒరుసుకుని ఎద్దు మెడ పుండు పడిందని నేను ఊహించలేను.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. శ్రేష్ఠత అంటే ఏమిటి? ఫస్ట్ ర్యాంకా?

మన ఊళ్ళలో శ్రేష్ఠత అనగానే కనిపించేది ఒక ఫ్లెక్సీ. దాని నిండా పాస్‌పోర్టు సైజు ఫోటోలు, ఫోటో కింద అంకెలు. ఆ ఫ్లెక్సీలో చోటు దొరకని వేలమంది ఏమైనట్టు? 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన తరవాతి రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల తయారీలోనే తప్పులు దొర్లాయని తరవాత తేలింది. ఆ లెక్కలు సరిగా కూడవలసినవాళ్ళు కూడా "ఎవరు చూస్తారులే" అనుకున్నారేమో! ఒకరి అశ్రద్ధ ఇంకొకరి ఇంట్లో ఎంత చీకటి నింపగలదో దీన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఇటు పిల్లలకేమో, మార్కులు పోతే మనిషి పోయినట్టేనని మనమే నేర్పాం. నాలుగు అంకెల కోసం నిండు ప్రాణం పోగొట్టుకునే స్థితికి తీసుకెళ్ళేదాన్ని శ్రేష్ఠత అనడానికి నాకు నోరు రాదు.

ప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానం మళ్ళీ ఒకసారి చదవండి. ఒకడికి ఐదు, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి. ఐదు పుచ్చుకున్నవాడు ఇంకో ఐదు సంపాదించాడు, రెండు పుచ్చుకున్నవాడు ఇంకో రెండు. యజమాని ఐదు తెచ్చినవాడిని ఏ మాటలతో మెచ్చుకున్నాడో, రెండు తెచ్చినవాడినీ అక్షరం పొల్లుపోకుండా అవే మాటలతో మెచ్చుకున్నాడు. ఇది నేను చాలా ఏళ్ళు గమనించనే లేదు. అక్కడ ర్యాంకుల పట్టిక లేదు. ఎంత ఇచ్చారు, ఇచ్చినదానితో ఏం చేశావు, ఇదొక్కటే లెక్క. మరి ఒకే తలాంతు పుచ్చుకున్నవాడు? పాపం, అతనికి తక్కువ ఇచ్చారు కదా అని జాలిపడతాం. ఆ కాలంలో ఒక తలాంతు అంటే ఆరువేల దేనారాలు. దేనారం ఒక కూలివాడి రోజు కూలి. అంటే ఒక్క తలాంతు దాదాపు ఇరవై ఏళ్ళ కూలి! అతనికి ఇచ్చింది తక్కువేమీ కాదు. పక్కవాడి ఐదు చూసి తనది తక్కువనుకున్నాడు, యజమాని కఠినుడని భయపడ్డాడు, గొయ్యి తవ్వి పాతిపెట్టాడు. మన తరగతుల్లో వెనక బెంచీల్లో ఇలా పాతిపెట్టిన తలాంతులు ఎన్ని వున్నాయో!

కాబట్టి నా దృష్టిలో శ్రేష్ఠత అంటే పక్కవాడి కంటే బాగా చెయ్యడం కాదు. నా చేతికి వచ్చిన పనిని, నాకున్న శక్తితో, ఎవరూ చూడకపోయినా చివరిదాకా చెయ్యడం. క్రైస్తవుడికి ఇంకొక సంగతి కూడా వుంది. అతను దేవుని మెప్పు సంపాదించుకోవడానికి పని చెయ్యడు. ప్రేమ ముందే దొరికింది, ఉచితంగా దొరికింది. దొరికింది కాబట్టి కృతజ్ఞతతో చేస్తాడు. మార్కులు పోయిన రోజున కూడా ఆ ప్రేమ పోదు. ఈ మాట నిజంగా నమ్మినవాడు ఓడిపోయినా ఉరితాడు వెతుక్కోడు, గెలిచినా తల ఎగరెయ్యడు. జర్మన్ సంగీతకారుడు బాహ్ తన రచనలు అనేకం ముగించి చివర మూడు అక్షరాలు వేసేవాడు. మహిమ దేవునికే అని వాటి అర్థం. ముందు పని పూర్తి చేశాడు, తరవాత ఆ అక్షరాలు వేశాడు. మనం అక్షరాలు ముందు వేసేస్తాం, పని సంగతి దేవుడే చూసుకోవాలి!

మాటలు చాలు, మనుషుల సంగతి చెబుతాను.

గుంటూరు వాళ్ళకు కుగ్లర్ ఆసుపత్రి తెలుసు. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ మహిళ 1883లో గుంటూరు వచ్చింది. ఆమె చదివింది వైద్యం. పంపినవాళ్ళు మాత్రం ముందు ఉపాధ్యాయినిగా పంపారు. డాక్టరుకు టీచరు ఉద్యోగమా అని ఆమె అలిగి వెనక్కి పోలేదు. ఇచ్చిన పని చేస్తూ, తెలిసిన వైద్యమూ చేసింది. ఆసుపత్రి తెరుచుకునేసరికి 1898 అయింది. పదిహేనేళ్ళు! మనం డిగ్రీ చేతికొచ్చిన పదిహేను నెలలకే దేవుడు మనల్ని మరిచిపోయాడంటాం.

మన జిల్లాల్లో జబ్బు ముదిరితే "రాయవేలూరు తీసుకుపోండి" అంటారు. 1900లో ఐడా స్కడర్ చిన్న గదిలో మొదలుపెట్టిన వైద్యం అక్కడి ఆసుపత్రిగా, కాలేజీగా పెరిగింది. అక్కడికి 1946లో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చాడు. మిషనరీ తల్లిదండ్రులకు తమిళదేశపు కొల్లి కొండల్లో పుట్టినవాడు. వైద్యం చదవడానికి ముందు ఇంగ్లండులో కొన్నేళ్ళు తాపీ పని, వడ్రంగం నేర్చుకున్నాడు. ఒకసారి చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమం చూడబోయి, వేళ్ళు వంకరపోయిన ఒక రోగి చేతిలో చెయ్యి పెట్టి, నొక్కమన్నాడు. ఆ పట్టు ఇనుప పట్టులా వుంది! అంటే ఆ చేతిలో కండరాలన్నీ చావలేదన్నమాట. అక్కడికి డాక్టర్లు ఎందరో వచ్చి వెళ్ళారు. ఈయన ఆగి, ఆలోచించాడు. బతికివున్న కండరపు స్నాయువును తీసి, చచ్చుబడిన వేలికి పని అప్పగించే శస్త్రచికిత్సలు 1940ల చివరలో మొదలయ్యాయి. అడుక్కోవడానికి మాత్రమే చాచిన చేతులు మళ్ళీ ఉలి పట్టుకున్నాయి.

ఇంకొక సంగతి చూడండి. కుష్ఠు వస్తే వేళ్ళు రాలిపోతాయని అప్పటిదాకా అందరూ నమ్మారు. బ్రాండ్ నమ్మలేదు. రోగుల చేతుల మీది ప్రతి పుండుకూ కారణం ఏమిటని వెంటపడి చూశాడు. ఒకడు వేడి గిన్నె పట్టుకున్నాడు, ఒకడు సుత్తి పిడి గట్టిగా బిగించాడు. నొప్పి తెలియదు కాబట్టి చెయ్యి తియ్యరు. మరి రాత్రికి రాత్రి వేలి ముక్క మాయమవుతోంది, అదెలా? రాత్రిళ్ళు కాపలా పెట్టి చూస్తే తేలింది, నిద్రలో ఎలుకలు వచ్చి కొరుక్కుపోతున్నాయి. రోగికి తెలియడం లేదు. అప్పటి నుంచి ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళే రోగులకు పిల్లిని కూడా ఇచ్చి పంపేవారు. లోకం మెచ్చిన వైద్య పరిశోధన వెనక, ఎలుకలూ పిల్లులూ దాకా పోయిన శ్రద్ధ వుంది. ఆయన ప్రార్థన చేసేవాడే. కాని ప్రార్థన చేసి, "దేవుడు చూసుకుంటాడు" అని పడుకోలేదు. తాపీపని, వడ్రంగం నేర్చుకున్న ఏళ్ళు వృథా పోయాయనీ అనుకోలేదు. చేతులు తిరిగి తెచ్చుకున్న రోగులకు వడ్రంగం నేర్పడంలో అవి పనికివచ్చాయి.

మన జాషువా సంగతి రాయకుండా ఈ వ్యాసం ముగించలేను. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాను ఏదో ఒక మతానికి కట్టెయ్యడం సరికాదు. తాను విశ్వనరుణ్ణని చెప్పుకున్న కవి ఆయన. అయినా క్రైస్తవ కుటుంబంలో పెరిగిన ఆ బాలుడు పద్యం ఎలా నేర్చాడు? పద్యం తమ సొత్తనుకున్నవాళ్ళ వాకిట్లో నిలబడి నేర్చుకోవలసి వచ్చింది. పొట్ట గడవడానికి బడిపంతులు పని చేశాడు, మూకీ సినిమాలకు కథ చెప్పే పనీ చేశాడు. 1941లో 'గబ్బిలం' వచ్చింది. ఆ పద్యాలు ఎంత నిగ్గుదేలినవంటే, కవి కులం అడిగినవాళ్ళు కూడా పద్యంలో తప్పు పట్టలేకపోయారు. పద్యవిద్యకు పెద్ద దిక్కయిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారే స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఈ కథ విని చాలామంది ఒక తప్పు నీతి తీస్తారు. "చూశారా, ప్రతిభ వుంటే కులం అడ్డురాదు" అంటారు. అడ్డు వచ్చింది మహాశయా! జీవితమంతా వచ్చింది. పద్యం నిర్దోషంగా వున్నా మనిషికి అవమానం తప్పలేదు. కాబట్టి శ్రేష్ఠతను న్యాయానికి బదులుగా ఎవరూ అమ్మకూడదు. "బాగా చదువు, అప్పుడు నిన్ను మనిషిగా చూస్తాం" అని ఒక పిల్లవాడితో అనడం పాపం. అతను చదవకపోయినా మనిషే. దేవుని స్వరూపంలో చేయబడినవాడే. అడ్డుగోడలు పడగొట్టడం ఒక పని, ఆ గోడల మధ్యనే వుండి కూడా తన పద్యాన్ని చెక్కుకోవడం ఇంకో పని. మొదటిది సమాజం అంతా చెయ్యవలసింది. రెండోది జాషువా చేసి చూపించాడు. ఒకటి చెప్పి రెండోది దాచడం అబద్ధం.

ఇదే జాగ్రత్త పౌలు మాటల విషయంలోనూ అవసరం. ఏ పని చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా చెయ్యమని కొలస్సయులకు రాసిన పత్రికలో వుంది. చర్చి గోడల మీద ఈ మాట చాలా చోట్ల కనిపిస్తుంది. అది దాసులను ఉద్దేశించి చెప్పిన మాట అని మాత్రం రాయరు. కాస్త కింద యజమానులకు కూడా ఒక మాట వుంది, న్యాయంగా ఇవ్వవలసింది ఇవ్వండి, మీకూ పైన యజమాని వున్నాడు అని. ఆ వాక్యాన్ని గోడ మీద రాయించిన యాజమాన్యం నేనింతవరకు చూడలేదు. తక్కువ జీతమిచ్చి, నెలల తరబడి ఆపి, "ఇది సేవ కదా" అనడానికి శ్రేష్ఠత అనే మాటను వాడుకునేవాళ్ళకు ఈ వ్యాసం పనికిరాకూడదని నా కోరిక.

ఇక మనలోకి వస్తాను. క్రైస్తవ విద్యార్థి మిత్రులతో కాస్త కఠినంగా మాట్లాడతాను. పెద్దవాణ్ణి, క్షమిస్తారనుకుంటాను.

క్రిస్మస్ కార్యక్రమానికి సాధన చేయకుండా వేదిక ఎక్కి, శ్రుతి తప్పి పాడి, "దేవుడు హృదయం చూస్తాడు" అంటాం. హృదయం చూసే దేవుడు ఆ హృదయంలోని బద్ధకాన్ని చూడడా? ప్రసంగానికి సిద్ధపడకుండా వచ్చి, "ఆత్మ నడిపిస్తాడు" అంటాం. బెసలేలును నడిపించిన ఆత్మ అతనిచేత ఎంత సూక్ష్మమైన పని చేయించాడో చదివాం కదా. కొలతలు కూడా మూరల్లో ఇచ్చాడు. సీనియర్ రికార్డు ఇప్పుడు అరువు అడగనక్కర్లేదు, ఫోన్‌లోకి ఫోటోలుగా వచ్చేస్తుంది. అసైన్‌మెంటు రాసిపెట్టే యంత్రాలూ వచ్చాయి. పని తేలికయ్యేకొద్దీ మోసమూ తేలికయింది. లైబ్రరీ పుస్తకంలో కావలసిన పేజీలు బ్లేడుతో కోసుకుపోయినవాడు, అదే చేతితో ఆదివారం కానుక వెయ్యడా? వేస్తాడు, నాకు తెలుసు. మెస్ కమిటీలో లెక్కలు రాసేవాడు ప్రార్థనాపరుడైనా సరే, కూరగాయల బిల్లు మాత్రం సరిగ్గా కూడాలి. అన్నం వడ్డించే కుర్రాణ్ణి "ఒరేయ్" అని పిలిచి, అన్నం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తే, ఆ ప్రార్థన ఆ కుర్రాడి కళ్ళకు ఎలా కనిపిస్తుందో ఒకసారి ఊహించండి.

లెక్చరర్లమైన మమ్మల్ని మాత్రం వదిలిపెడతానా? పదేళ్ళ నాటి పసుపుపచ్చ నోట్సు ఇంకా చదివి వినిపిస్తున్నవాళ్ళం మాలో వున్నాం. జవాబు పత్రం చివరిదాకా చదవకుండా మార్కులు వేసిన పాపం నేనూ చేశాను. ఒక పత్రం వెనక ఒక ఇల్లు వుంటుందని అప్పుడు తోచలేదు. చదివి వెళ్ళిన పాత విద్యార్థులారా, మీరు కట్టించే వంతెనలో సిమెంటు పాలు, మీరు సంతకం పెట్టే ఫైలు, మీరు రాసే మందుల చీటీ, ఇవన్నీ మీ సాక్ష్యంలో భాగమే. బయట మెడలో సిలువ కనిపించకపోయినా నష్టం లేదు.

ఇతర మతాల మిత్రులు ఈ పాటికి, "ఇందులో క్రైస్తవులకు ప్రత్యేకం ఏముంది?" అని అడుగుతుంటారు. నిజమే. పనిని నేర్పుగా, ఫలం మీద ఆశ లేకుండా చెయ్యమని గీత చెప్పింది. నా కంటే శ్రద్ధగా పని చేసే హిందూ, ముస్లిం సహోద్యోగులు నాకు వున్నారు. వాళ్ళను చూసి నేర్చుకున్నాను కూడా. మంచి పని మీద ఏ మతానికీ గుత్త హక్కు లేదు. నేను చెప్పేదల్లా ఇంతే, ఇంత వెలుగు మాకు ఇచ్చారని చెప్పుకునే మేము, చెప్పుకున్నంత మేరకైనా నడవాలి.

మెదక్ వెళ్ళినప్పుడు అక్కడి పెద్ద చర్చిని చూడండి. 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు 175 అడుగులు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి చూపించడానికి చార్లెస్ పాస్నెట్ అనే మిషనరీ పూనుకుని కట్టించాడు. పాస్నెట్ పేరు అందరూ చెబుతారు. ఆ రాళ్ళు చెక్కినవాళ్ళ పేర్లు మనకు తెలియవు. ఆకలితో పనికి వచ్చిన ఆ మనుషులు "మా పేరు ఎవరికి తెలుస్తుంది" అని రాయిని వంకరగా పెట్టి వుంటే, నూరేళ్ళు దాటాక ఈ రోజు ఆ గోపురం నిలిచేదా? పేరు లేని చేతుల శ్రద్ధ మీదనే లోకం నిలబడి వుంది. నేను మొదటిసారి అక్కడ నిలబడి తల ఎత్తి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది పాస్నెట్ కాదు, మా లాబ్ పెద్దాయన.

ఆయన రిటైరై, ఆ తరవాత కొన్నేళ్ళకు కాలం చేశాడు. సమాధి కార్యక్రమంలో పాస్టరుగారు ఆయన క్రమంగా చర్చికి వచ్చేవాడనీ, కానుకలు ఇచ్చేవాడనీ చెప్పారు. బ్యూరెట్ల సంగతి చెప్పలేదు, ఆయనకు తెలియదు కదా. ముప్పై ఏళ్ళకు పైగా ఆ లాబ్‌లో ఎన్ని వేలమంది విద్యార్థులకు నిజమైన రీడింగు వచ్చిందో, అందులో ఆయన కడిగిన గాజు ఎంత పని చేసిందో, లెక్క రాసినవాళ్ళు లేరు. మురికి బ్యూరెట్‌తో ఎంత తెలివైనవాడికీ సరైన జవాబు రాదు. ఈ సంగతి కెమిస్ట్రీ చదివినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఈ సంవత్సరం మనం పెద్ద పెద్ద తీర్మానాలు ఏమీ చేసుకోవద్దు. తీర్మానాలు జనవరి దాటవు. ఒక్క పని చేద్దాం. ఈ వారం మన చేతికి వచ్చిన పనుల్లో, ఎవరూ తనిఖీ చేయని పని ఒకటి ఎంచుకుందాం. హాస్టల్ గది ఊడవడం కావచ్చు, అమ్మకు రాయవలసిన ఉత్తరం కావచ్చు, ఫిజిక్స్ లెక్క కావచ్చు, చర్చిలో కుర్చీలు సర్దడం కావచ్చు. దాన్ని చివరిదాకా, సరిగ్గా చేద్దాం. ఎవరికీ చెప్పవద్దు.

ఆ లాబ్‌లో ఇప్పుడు నేను పాఠం చెబుతున్నాను. సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి ఎవరో ఒక కుర్రవాడు గడియారం వంక చూస్తాడు. అతని బ్యూరెట్ వంక నేను చూస్తాను. కోప్పడను. దగ్గరికి వెళ్ళి, "మూడోసారి నింపావా బాబూ?" అని మాత్రం అడుగుతాను. కొందరు సిగ్గుపడి నింపుతారు. నింపనివాళ్ళ మీద నాకు కోపం లేదు. నేనూ ఆ రోజు నింపలేదు.